గయ్యాళి వేషానికి గొంతు చించుకోనక్కర్లేదు

రంగస్థలం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హాస్య వేషాలు వేసే ఆడవాళ్లవే. అందుకని శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేశాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా నాటికలో నాది గయ్యాళి అత్త వేషం. మా ఊళ్లో ఆడినప్పుడు జనం పడీ పడీ నవ్వారు. తర్వాత ఒక పరిషత్తులో (నాటకాల పోటీలో) ఆడితే అవే డైలాగులకు నవ్వు రాలేదు. గొంతు పెంచి చూశాను, ఇంకా చల్లబడింది. లోపం ఎక్కడుంది? (ఒంగోలు)

మీ ఊళ్లో జనం సగం నవ్వింది అత్తను చూసి కాదు, మిమ్మల్ని చూసి. రోజూ కనిపించే అమ్మాయి తల నెరిసిపోయి కొంగు దోపుకుని తిడుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పరిషత్తులో మీరెవరో ఎవరికీ తెలియదు. అక్కడ నవ్వు మాటలోంచే పుట్టాలి.

గొంతు సంగతి ముందు చూద్దాం. ఎంట్రీలోనే పైస్థాయిలో మొదలుపెడితే తర్వాత ఎక్కడానికి మెట్టు ఉండదు. అత్త మామూలు గొంతుతో వచ్చి, కోడలు ఎదురు చెప్పినప్పుడు ఒక మెట్టు ఎక్కి, అసలైన అరుపును నాటిక మొత్తంలో ఒకటి రెండు చోట్లకే దాచుకోవాలి. అప్పుడే ఆ అరుపుకు విలువ. గంటసేపూ అరిచే మనిషిని చూసి జనం నవ్వరు, చెవులు మూసుకుంటారు.

రెండోది, మాట చివర మింగేయడం. తెలుగు వాక్యంలో అసలు సరుకు చాలాసార్లు చివర్లో ఉంటుంది. సరిగ్గా ఊపిరి అయిపోయేదీ అక్కడే. ఈ డైలాగు చూడండి: "మా కోడలు వంట బాగానే చేస్తుందమ్మా, తినేవాళ్లకే ధైర్యం చాలడం లేదు." ఇందులో నవ్వు "ధైర్యం" దగ్గరుంది. "చేస్తుందమ్మా" అన్నాక ఊపిరి తీసుకోండి. మొదటి సగం నిజంగానే కోడల్ని మెచ్చుకుంటున్నట్టు చెప్పండి. అక్కడే మూతి తిప్పారంటే రాబోయేది జనానికి ముందే తెలిసిపోతుంది, ఆ పైన వాళ్లు నవ్వడానికి ఏమీ మిగలదు. చాలామంది చేసే పొరపాటు ఇదే: డైలాగు కంటే మొహం ముందు పరిగెత్తుతుంది.

మూడోది, నవ్వు వచ్చాక ఏం చేయాలన్నది. నవ్వు లేస్తుంది, ఒక ఎత్తుకు చేరుతుంది, తగ్గడం మొదలవుతుంది. బాగా తగ్గి, ఇంకా కొంచెం మిగిలి ఉండగా తర్వాతి మాట అందుకోవాలి. నవ్వు ఎత్తులో ఉండగానే మాట్లాడితే ఆ మాట వినబడదు. వినడం కోసం జనం నవ్వు ఆపుకోవడం అలవాటు చేసుకుంటారు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి నవ్వరు. అలాగని పూర్తిగా నిశ్శబ్దం అయ్యేదాకా ఆగితే సీను కూలబడుతుంది. ఆగిన ఆ కొద్దిసేపూ బొమ్మలా నిలబడొద్దు, జనం వైపు చూడొద్దు. వేషానికి సంబంధించిన పని ఏదో ఒకటి చేతిలో ఉండాలి: వక్క కత్తిరించడం, కొంగు సర్దుకోవడం, బియ్యంలో రాళ్లు ఏరడం. నవ్వు రాలేదా, ఆగకుండా తర్వాతి మాటకు వెళ్లిపోండి. రాని నవ్వు కోసం ఆగితే తప్పు జనానికి కూడా కనిపిస్తుంది.

ఎదుటి నటుడి సంగతీ చూసుకోండి. మీ పంచ్ పడే క్షణంలో కొడుకు వేషం వేసినతను కాఫీ గ్లాసు ఎత్తితే కళ్లన్నీ గ్లాసు మీదికి పోతాయి. ఆ మాట మీద స్టేజీ మీద ఎవరూ కదలకూడదని రిహార్సల్స్‌లోనే దర్శకుడితో చెప్పించి ఖాయం చేసుకోవాలి. అలాగే మీ పంచ్‌కు దారి తీసే డైలాగు అతను నమిలేస్తే, ఆ తర్వాత మీరెంత బాగా చెప్పినా దండగ.

ఇక మైకులు. పరిషత్తు వేదికల మీద ముందు అంచున కొన్ని, పైన వేలాడదీసినవి కొన్ని ఉంటాయి. వింగ్ (స్టేజీ పక్క తెర) వైపు తిరిగి లోపలున్న కోడల్ని తిట్టే డైలాగులు వీటికి అందవు. తల వింగ్ వైపు తిప్పినా భుజాలు జనం వైపే ఉంచండి. మధ్యాహ్నమే చేరుకుని, మీ నాటక సమాజం వాళ్లలో ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి నాలుగు డైలాగులు చెప్పి చూసుకోండి. ఫ్యాన్లు, కూలర్లు తిరుగుతుండగానే చూడాలి. కాలర్ మైకు ఇస్తే పైట లేని వైపు పెట్టించుకోండి, పట్టుచీర రాపిడి పెద్ద శబ్దం చేస్తుంది. నల్లపూసల గొలుసు దానికి తగలకుండా పిన్ను పెట్టండి. గాజులు చేతికి రెండేసి చాలు.

ముందు బల్ల దగ్గర కూర్చున్న న్యాయనిర్ణేతలు నవ్వలేదని కంగారు పడొద్దు. వాళ్లు మార్కులు వేసుకుంటుంటారు. వాళ్ల మొహాలు చూసి నటించినవాళ్లు వెనక వరసల్ని పోగొట్టుకుంటారు.

ప్రశ్న: సూర్యకాంతం గారిలా చేస్తున్నానని అందరూ మెచ్చుకుంటారు. ఒక పోటీలో మాత్రం "అనుకరణ" అని మార్కులు తగ్గించారు. అంత గొప్ప నటిని చూసి నేర్చుకోవడం తప్పా? (బుచ్చిరెడ్డిపాళెం)

నేర్చుకోవడం తప్పు కాదు, ఏది నేర్చుకున్నారన్నదే ప్రశ్న. ఎడమచేయి తిప్పడం, నడుం మీద చెయ్యి, సాగదీసిన మాట... ఇవి ఆమె సొత్తు. అవి చూడగానే జనానికి ఆమె గుర్తొస్తారు, మీ అత్త మాయమైపోతుంది.

సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. 1950లో వచ్చిన 'సంసారం'తో గయ్యాళి అత్త వేషం ఆమెకు అతుక్కుపోయింది. అప్పటికి పాతికేళ్లు దాటాయంతే. 'గుండమ్మ కథ' 1962 నాటిది. అందులో ఆమె ఇంటికి అల్లుడయ్యే ఎన్టీఆర్ నిజజీవితంలో ఆమెకంటే ఏడాది పైచిలుకు పెద్ద. అంటే ఆ వయసు, ఆ పెద్దరికం నెరిసిన జుట్టుతో వచ్చినవి కావు. అడుగులో, మాట వేగంలో, ఎదుటివాళ్లను చూసే చూపులో కట్టుకున్నవి.

ఆ చిత్రాన్ని ఈసారి శబ్దం తీసేసి చూడండి. గుండమ్మ గట్టిగా ఉన్న సీన్లకంటే మోసపోయే సీన్లు గమనించండి. ఆమెకు చాడీలు మోసే గంటయ్య వేషం వేసిన రమణారెడ్డి మన నెల్లూరు జగదేవిపేట మనిషి. పుల్లలా ఉన్న ఆ మనిషి పక్కన ఈవిడ. గంటయ్య ఏదో ఊదుతుంటే గుండమ్మ దాన్ని నమ్ముతుంది, నమ్మాను కాబట్టి నేనే తెలివైనదాన్ని అనుకుంటుంది. నవ్వు అక్కడుంది. గుండమ్మ దుర్మార్గురాలు కాదు; ఇంటి పెత్తనం చేజారుతుందేమోనని భయపడే మనిషి. ఆ భయాన్ని ఎక్కడా విడిచిపెట్టకుండా మోశారు కాబట్టే చివర్లో ఆమె మీద జాలి కలుగుతుంది. అదే నటి 1957 నాటి 'మాయాబజార్'లో హిడింబి. కొడుకు ఘటోత్కచుడి మీద ముద్దు తప్ప గయ్యాళితనం అక్కడ వెతికినా దొరకదు. రమణారెడ్డి ఆ చిత్రంలో చిన్నమయ్య.

మీ అత్త వేషానికి ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఈవిడకు దేనికి భయం? ఈ ఇంట్లో ఏది తనదే అనుకుంటుంది? ఎవరి ముందు గొంతు తగ్గిస్తుంది? మూడోది చాలా ముఖ్యం. ఎవరి ముందూ తగ్గని గయ్యాళి అట్టబొమ్మ.

ప్రశ్న: హాస్యనటి అంటే గయ్యాళి వేషమేనా? మా జిల్లా భానుమతి గారిని హాస్యనటి అనవచ్చా? (టంగుటూరు)

భానుమతి గారిని ఒక గూట్లో పెట్టడం కష్టం. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టి, 1939లో 'వరవిక్రయం'తో తెర మీదికి వచ్చారు. నటి, గాయని, రచయిత్రి, 1953లో 'చండీరాణి'కి దర్శకురాలు. భర్తతో కలిసి భరణీ చిత్రనిర్మాణ సంస్థను నడిపారు. హాస్యం ఆమె చేతిలో ఒక పనిముట్టు మాత్రమే, కానీ పదునైనది. 1954 నాటి 'చక్రపాణి' చూడండి. ఆమె రాసిన 'అత్తగారి కథలు' నటన నేర్చుకునేవాళ్లు కూడా చదవాలి. అందులో కథ చెప్పే కోడలు అత్తగారిని చూసి తను నవ్వదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది, నవ్వేది మనం.

గయ్యాళి కాక ఎన్ని దారులున్నాయో చెప్పాలంటే ముగ్గురి పేర్లు చాలు. గిరిజ రేలంగి సరసన చలాకీ పిల్లగా జంట హాస్యం చేశారు. ('పాతాళభైరవి'లో ప్రత్యక్షమయ్యే దేవత కూడా ఆవిడే అంటే ఇప్పటివాళ్లు నమ్మరు.) రమాప్రభ తమిళ నాటకాల నుంచి వచ్చిన నటి. రాజబాబుతో ఆమె జంట ఒక తరాన్ని నవ్వించింది. శ్రీలక్ష్మికి దర్శకుడు జంధ్యాల ఇచ్చిన వేషాల్లో అరుపు లేదు, పిచ్చి మాత్రం ఉంది. 1984 నాటి 'శ్రీవారికి ప్రేమలేఖ'లో సినిమా కథను టైటిల్స్ దగ్గర్నుంచి చెప్పే ఆవిడ, 1986 నాటి 'చంటబ్బాయ్'లో సంపాదకుణ్ణి హింసపెట్టే కవయిత్రి. ఇద్దరూ తాము చేసేది చాలా గంభీరమైన పని అనే అనుకుంటారు. మీకు ఏ దారి నప్పుతుందో తెలియాలంటే ఒకే పేజీ డైలాగును మూడు రకాలుగా చేసి, మీకు ముఖస్తుతి చేయని మనిషి ముందు చూపించండి.

ప్రశ్న: పూర్వం ఆడవేషాలు మగవాళ్లే వేసేవారట కదా? (సింగరాయకొండ)

నిజమే. మీ పక్కనే ఒంగోలులో పెరిగిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. బాపట్ల మనిషి స్థానం నరసింహారావు ఆ వేషాలతోనే 1956లో పద్మశ్రీ దాకా వెళ్లారు. తరతరాలుగా నాటకాలే వృత్తిగా బతికిన సురభి కుటుంబాల్లో మాత్రం ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించిన కమలాబాయి ఆ సురభి ఆడపడుచే.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. 60 ఏళ్ల అత్త వేషానికి మేకప్ వేసుకుంటే ముసలిగా కాక, మసి పూసుకున్నట్టు కనిపిస్తున్నాను. మేకప్‌మేన్ రాని రోజు నేనే వేసుకోవాలి. పద్ధతి చెప్పండి. (కావలి)

మీరు నల్ల పెన్సిల్ వాడుతూ ఉండాలి. దాన్ని పక్కన పడేయండి. ముడతకు వాడాల్సింది గోధుమరంగు.

మొహం కడిగి, తుడుచుకుని, కోల్డ్ క్రీమ్ పలచగా రాసి, పైన తేలిన జిడ్డును మెత్తటి గుడ్డతో అద్దేయండి. జిడ్డు మిగిలితే పైన వేసిందంతా అరగంటలో జారిపోతుంది. ప్యాన్‌కేక్ (మొహానికి అద్దే మేకప్ రంగు) మీ రంగుకంటే ఒక ఛాయ తక్కువది ఎంచుకోండి. తెల్లగా కనిపించాలన్న యావ ఈ వేషానికి పనికిరాదు. తడిపి పిండేసిన స్పాంజితో పలచగా, చెవుల దాకా, మెడ దాకా అద్దాలి. ఇప్పుడు అద్దం ముందు గట్టిగా నవ్వండి, తర్వాత నుదురు చిట్లించండి. చర్మం ఎక్కడ మడతపడిందో గీత సరిగ్గా అక్కడే పడాలి: ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా ఒకటి, నుదుటి మీద రెండు మూడు, కంటి కొసల దగ్గర చిన్నవి. ఒక్కో గోధుమరంగు గీత పక్కనే లేతరంగు గీత ఒకటి వేసి, రెండింటి అంచులనూ వేలితో కలిపేయండి. చీకటి పక్కన వెలుగు ఉంటేనే అది మడత. లేకపోతే మీరన్నట్టు మసే. చెంప ఎముక కింద కొంచెం గోధుమరంగు అద్ది, పైన పౌడరు పఫ్‌తో నొక్కండి, రుద్దొద్దు.

చేతులు మరిచిపోకండి. మొహానికి అరవై, చేతులకు ఇరవై ఎనిమిది ఉంటే మొదటి వరస ఇట్టే పట్టేస్తుంది. వేళ్ల కణుపుల మధ్య, చెయ్యి వెనక నరాల పక్కన అదే గోధుమరంగు కొద్దిగా చాలు.

జుట్టు మొత్తం తెల్లగా చేయొద్దు. కణతల దగ్గర, పాపిట పక్కన, చెవుల మీద నెరిస్తే చాలు. జింక్ ఆక్సైడ్ పొడిని రెండు చుక్కల కొబ్బరినూనెతో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో జుట్టు వాలు వెంట లాగండి. ఉత్త టాల్కం పౌడరు చల్లితే తల విదిలించినప్పుడల్లా దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ముకు జనం నవ్వుతారు, కానీ మీకు కావలసిన నవ్వు అది కాదు.

కనుబొమలు నల్లగా, ఒత్తుగా, పైకి లాగి దిద్దే అలవాటు గయ్యాళి వేషాలకు పట్టిన తెగులు. మొహం మీద కోపం అచ్చుపడిపోతుంది. ఆ తర్వాత అత్త ఆశ్చర్యపోయినా, భయపడినా, మురిసిపోయినా కనిపించదు. హాస్యవేషానికి కనుబొమలు ఖాళీగా ఉండాలి.

లావుగా కనబడాలంటే దూది ప్యాడింగును పాత లంగాకూ రవికెకూ కుట్టించుకోండి. తుంటికీ వీపుకూ కూడా వేయాలి. పొట్టకే వేస్తే అత్తగారు నిండు గర్భిణిలా కనిపిస్తారు. ప్రదర్శన రోజునే మొదటిసారి కట్టుకోవద్దు. వారం ముందు నుంచి అదే కట్టుకుని రిహార్సల్ చేస్తే నడక, కూర్చోవడం, లేవడం వాటంతట అవే మారతాయి. చీర కుచ్చిళ్లు నేలకు రెండంగుళాలు పైన ఉండాలి, చెక్కల స్టేజీ మీద తొక్కుకుని పడేది ఇక్కడే.

లైట్లు చూడకుండా బొట్టు ఖాయం చేయొద్దు. రాత్రి సీనుకు నీలం లైటు వేస్తే ఎర్ర కుంకుమ నల్లగా కనిపిస్తుంది. తెల్లటి ఎల్‌ఈడీ లైట్లున్న చోట మొహం పాలిపోయి, గీతలు గట్టిపడి కనిపిస్తాయి. అక్కడ ముడతల్ని ఇంకా తగ్గించండి. మొత్తానికి ముప్పావు గంట పడుతుంది. తీసేటప్పుడు ముందు కొబ్బరినూనె, దూది, ఆ తర్వాతే సబ్బు. కొత్త సరుకు ఏది కొన్నా ముందురోజు మోచేతి లోపలి వైపు రాసి దురద వస్తుందేమో చూసుకోండి.

ప్రశ్న: నాటిక నెల్లూరు యాసలో చేస్తున్నాం. బయటి జిల్లాలో ఆడితే అర్థం అవుతుందా? అసలు యాసతోనే నవ్వు వస్తుందా? (నెల్లూరు)

అర్థం అవుతుంది, కంగారు పడకండి. "ఏందబ్బా, యాడికి పోతుండావ్?" తెలియని తెలుగువాడు ఉండడు. కానీ యాసే జోకు అనుకుంటే రెండు నిమిషాల్లో పాతబడిపోతుంది. యాస మనిషికి ఊరు ఇస్తుంది, నవ్వు మాత్రం ఆ మనిషి బుద్ధిలోంచి రావాలి.

పట్టించే తప్పులు రెండు. ఇంట్లో అందరూ ఒక యాస, అత్త మాత్రం ఇంకో యాస మాట్లాడటం ఒకటి. "ఉండా, పోతుండా" అంటూ మొదలుపెట్టిన వేషం కోపం రాగానే కోస్తా పుస్తక భాషలోకి జారిపోవడం రెండోది. నిజానికి కోపంలో మనిషి సొంత యాస ఇంకా చిక్కబడుతుంది. ఊళ్లో మాత్రమే తెలిసిన మాట పంచ్ స్థానంలో పెట్టొద్దు. దాన్ని ముందు వాక్యంలో ఒకసారి వాడి, అర్థమయ్యేలా చేసి, ఆ తర్వాత పంచ్‌లో వాడుకోండి. స్క్రిప్టు చదివేటప్పుడు ఆ ప్రాంతపు పెద్దావిడ ఎవరినైనా కూర్చోబెట్టుకుంటే మీ డైలాగులు ఆవిడే సగం దిద్దిపెడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. కాలేజీ స్కిట్లలో బాగా నవ్విస్తుంది. నాటకాల్లోంచి సినిమాల్లోకి వెళ్లాలంటుంది. ఇక్కడి నుంచి ఎలా మొదలుపెట్టాలి? (పొదిలి)

హైదరాబాదు బస్సు ఎక్కడానికి ముందు ఇక్కడ ఒక ఏడాది పని ఉంది. స్కిట్‌లో నవ్వించేది ఆ అమ్మాయి చొరవ. నాటికలో అదే వేషాన్ని రేపూ ఎల్లుండీ అదే కొలతతో చేయగలగాలి. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల నాటక సమాజాలకు ఆడపిల్లల కొరత ఎప్పుడూ ఉంటుంది. ఒంగోలు ఎన్టీఆర్ కళాక్షేత్రంలో, నెల్లూరు పురమందిరంలో నాటికలు ఆడే రోజుల్లో మీరూ వెంట వెళ్లి చూడండి, ప్రదర్శన అయ్యాక దర్శకుడిని కలవండి. మొదట చిన్న వేషమే అడగండి. పోర్షన్ నోటికొచ్చాక కనీసం 20 రిహార్సల్స్ పడితే గానీ హాస్య సీను కుదురుకోదు. అంతకు తక్కువ చేసేవాళ్లు ప్రాంప్టింగ్ మీద బతుకుతారు, వెనక నుంచి మాట అందేలోపు నవ్వు చచ్చిపోతుంది.

చదువుగా నేర్చుకోవాలంటే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో రెండేళ్ల పీజీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయాల్లోనూ రంగస్థల విభాగాలున్నాయి. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలది మూడేళ్ల డిప్లొమా. డిగ్రీతో పాటు నాటకాల్లో నటించిన అనుభవం చూపించాలి. అందుకని ఇప్పటి నుంచే ప్రతి ప్రదర్శన కరపత్రం, ఆహ్వానపత్రిక, పత్రికలో వచ్చిన ముక్క, ప్రశంసాపత్రం తేదీ కనిపించేలా ఒక ఫైల్లో దాచమనండి. ముప్పై ఏళ్ల తర్వాత కళాకారుల పింఛనుకు దరఖాస్తు చేసే రోజున అడిగేదీ ఈ కాగితాలే. జీవితమంతా నటించి ఒక్క కాగితమూ చూపలేక ఆగిపోయినవాళ్లు చాలామంది.

ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్ కూడా ఇప్పించండి. బి గ్రేడుతో మొదలవుతుంది. మొహం, చెయ్యి సాయం లేకుండా గొంతుతోనే నవ్వించడం అక్కడ నేర్చుకున్నవాళ్లకు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో తడబాటు ఉండదు.

ఆడిషన్ వీడియో అడిగితే: ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో, కదలకుండా పెట్టండి. కిటికీ వెలుగు ముందు నుంచి మొహం మీద పడాలి, వెనక ఖాళీ గోడ. మొదట పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ఎడమ కుడి ప్రొఫైళ్లు, అన్నీ 20 సెకన్లలో. తర్వాత నిమిషం మించని ఒక సీను, వేరే రంగులో ఇంకొకటి. ఫిల్టరు, సంగీతం వద్దు. సినిమాల్లో పేరున్న డైలాగులు చేయొద్దు, చూసేవాళ్లకు అసలు నటి గుర్తొస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజనీ, పోర్ట్‌ఫోలియో తమ దగ్గరే తీయించుకోవాలనీ డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. వేషం ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, పుచ్చుకోరు. ఆన్‌లైన్‌లో ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కెమెరా ముందు మొదట చిక్కొచ్చేది నిశ్శబ్దంతో. సెట్లో ఎవరూ నవ్వరు, నవ్వకూడదు. స్టేజీ అలవాటున్న నటి దీంతో కంగారుపడి మొహం పెంచేస్తుంది. క్లోజప్‌లో కనుబొమ్మ పావు అంగుళం కదిలితే చాలు. పంచ్ తర్వాత ఒక క్షణం అలాగే ఉండాలి, ఎడిటర్‌కు కత్తిరించుకోవడానికి చోటు కావాలి. ఏ మాట మీద కొంగు దోపారో ప్రతి టేకులోనూ అదే మాట మీద దోపాలి. లేకపోతే ఎంత బాగా చేసిన టేకైనా అతకదు.

ప్రశ్న: వేరే సమాజం వాళ్లు ప్రదర్శనకు రమ్మంటున్నారు. డబ్బు సంగతి ఎలా మాట్లాడాలో మొహమాటంగా ఉంది. రాత్రి ప్రయాణాలు, బస కూడా భయమే. (ఆత్మకూరు)

మొహమాటపడితే చీర ఖర్చు కూడా మీదే అవుతుంది. ఒప్పుకునే ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: ప్రదర్శనకు ఎంత, రిహార్సల్‌కు రానుపోను ఛార్జీలు ఎవరివి, అడ్వాన్సు ఎంత, చీరలు, మేకప్ ఎవరివి, ప్రదర్శన రద్దయితే ఎంత ఇస్తారు, బహుమతి డబ్బులో వాటా ఉందా లేదా. మిగతా సొమ్ము మేకప్ తీయకముందే చేతికి రావాలి. బస్సు ఎక్కాక వసూలైన పారితోషికం తక్కువ.

ఆడవాళ్లకు వేరే గది, లోపలి గడియ, స్నానాలగది ఉంటేనే బసకు ఒప్పుకోండి. ఒంటరి ఆడమనిషిగా వెళ్లొద్దు. ఆ నాటికలో ఇంకో నటి ఉందా అని అడగండి, లేకపోతే తోడు మనిషి ఛార్జీ కూడా వాళ్లే పెట్టుకోవాలని చెప్పండి. ఒకే సీజనులో మూడు సమాజాలకు ఒప్పుకోవద్దు. మూడు అత్తల డైలాగులు కలగాపులగమై, ఒక నాటికలో ఇంకో కోడలి పేరు పిలుస్తారు.

వేధింపు ఎదురైతే, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం కింద ప్రతి జిల్లాకూ ఒక స్థానిక కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు అక్కడికి వెళ్లొచ్చు. నాటక సమాజాలు ఎక్కువగా అలాంటివే. కలెక్టరు కార్యాలయంలో అడిగితే వివరం చెబుతారు. జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. మెసేజులు, కాల్ వివరాలు చెరిపేయకండి.

ప్రశ్న: వరసగా రెండు ప్రదర్శనలు చేస్తే గొంతు పోతోంది. మిరియాల కషాయం తాగుతున్నాను, తగ్గడం లేదు. (కోవూరు)

కషాయం దాని దారిన అది కడుపులోకి పోతుంది, స్వరతంతుల మీద పడదు. మీరు అరుపును మెడ నుంచి తీస్తున్నారు. వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకోండి. ఊపిరి తీస్తే పుస్తకం లేవాలి, మాట అంటుంటే మెల్లగా దిగాలి. రోజూ పది నిమిషాలు ఇలా చేసి, అదే ఊపిరితో నిలబడి డైలాగు చెప్పండి. అరిచే డైలాగుకు ముందు గడ్డం పైకెత్తొద్దు, గొంతు బిగుసుకుంటుంది.

ప్రదర్శన రోజు ఉదయం నుంచి గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. ముందురోజు ఫోన్లో కబుర్లు తగ్గించండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు గానీ, అదీ ఒత్తిడే. అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి. మామూలు నీళ్ల ఆవిరి పట్టొచ్చు. బొంగురు రెండు మూడు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టరు స్వరతంతులు చూడాల్సిందే. అక్కడ చిన్న బుడిపెలు ఏర్పడితే మొదట్లో విశ్రాంతితో, స్వర శిక్షణతో తగ్గుతాయి. ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది. గొంతు కుదుటపడేదాకా దర్శకుడితో మాట్లాడి ఆ అరుపు డైలాగుల్లో రెండింటిని నెమ్మదిగా చెప్పి చూడండి.